రెండు ఫిర్యాదులు రాయండి, ఒకే రోజు ఇవ్వండి

చెల్లీ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. చదవనివాళ్ల కోసం ముందు క్లుప్తంగా చెప్తాను. నువ్వు మూడేళ్లుగా జర్మనీలో ఒక కంపెనీలో పనిచేస్తున్నావు. టీమ్‌లో నీతో పాటు ఒక యూదు అమ్మాయి ఉంది. మీ టీమ్ లీడర్ నీతో "ఇండియా ఆడవాళ్లు చెప్పింది చెప్పినట్టు చేస్తారు, అదే మీలో బాగుంటుంది" అంటాడు. మీటింగ్‌లో నీ యాసని అనుకరిస్తాడు. బడ్జెట్ మాట వచ్చినప్పుడల్లా ఆమెతో "డబ్బు సంగతి మీవాళ్లకి తెలిసినట్టు ఎవరికి తెలుస్తుంది" అంటాడు. వార్తల్లో ఇజ్రాయెల్ కనిపిస్తే చాలు, సంజాయిషీ ఆమెనే అడుగుతాడు. ఇద్దరి బట్టల మీదా కామెంట్లు ఉండనే ఉన్నాయి. నువ్వు హెచ్‌ఆర్‌కి వెళ్తే "మీ దేశం నుంచి వచ్చిన ఆయనకి పోయినేడాది ప్రమోషన్ ఇచ్చాం, పక్క డిపార్ట్‌మెంట్ హెడ్ ఒక జర్మన్ మహిళ, ఇంక వివక్ష ఎక్కడుంది?" అన్నారు. ఆ సాయంత్రం ఇద్దరూ బాధ చెప్పుకుంటుంటే నీ నోటి నుంచి "నీకేం, కనీసం తెల్లగా ఉంటావు" అని వచ్చింది. ఆమె "మీ గుడి ముందు పోలీసు కాపలా అక్కర్లేదు కదా" అంది. అప్పటినుంచి ఇద్దరి మధ్యా మాటల్లేవు. కలిసి ఫిర్యాదు చేయాలా, ఎవరిది వాళ్లు చూసుకోవాలా, అసలు ఆమెతో మళ్లీ మాట ఎలా కలపాలి అని అడిగావు.

నేను ఇక్కడ ఒక సలహా కేంద్రంలో పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాను. ఎక్కువగా వలస వచ్చిన ఆడవాళ్లతోనే పని. తెలిసినంత చెప్తాను.

ముందు హెచ్‌ఆర్ ఇచ్చిన జవాబు. ఆ మాట విని నీకే అనుమానం వచ్చిందన్నావు, "నేనే ఎక్కువ ఊహించుకుంటున్నానా" అని. లేదమ్మా. ఆ వాదన చాలా పాతది. అమెరికాలో సెయింట్ లూయిస్‌లో ఐదుగురు నల్లజాతి స్త్రీలు జనరల్ మోటార్స్ మీద కేసు వేశారు. 1964కి ముందు ఆ కంపెనీ నల్లజాతి స్త్రీలను పనిలోకే తీసుకోలేదు. తర్వాత మాంద్యం వచ్చినప్పుడు చివర చేరినవాళ్లను ముందు తీసేసే పద్ధతి పెట్టింది. చివర చేరింది ఎవరు? ఈ ఆడవాళ్లే. 1976లో కోర్టు ఏమందంటే, కంపెనీలో ఆడవాళ్లు ఉన్నారు కాబట్టి లింగ వివక్ష లేదు, జాతివివక్ష సంగతైతే నల్లజాతివాళ్లు వేసిన వేరే కేసులో కలుపుకోండి, రెండూ కలిపి కొత్త కోవ సృష్టించలేం అంది. అక్కడి ఆఫీసుల్లో ఉన్న ఆడవాళ్లు తెల్లవాళ్లు. ఫ్యాక్టరీలో ఉన్న నల్లజాతివాళ్లు మగవాళ్లు. ఈ ఐదుగురూ ఆ రెండు లెక్కల్లోనూ పడలేదు.

కింబర్లీ క్రెన్‌షా అనే న్యాయశాస్త్ర ఆచార్యురాలు 1989లో ఇంటర్‌సెక్షనాలిటీ అనే మాట తెచ్చినప్పుడు ఈ కేసునే ఎత్తి చూపారు. చౌరస్తాలో యాక్సిడెంట్ అయితే బండి ఏ రోడ్డు మీద నుంచైనా వచ్చి ఉండొచ్చు, ఒక్కోసారి రెండు రోడ్ల నుంచీ వచ్చి ఉండొచ్చు అన్నారు. "చెప్పింది చేసే ఇండియా ఆడవాళ్లు" అనే మాట సరిగ్గా అలాంటిది. మీ టీమ్ లీడర్ ఆ మాట ప్రమోషన్ వచ్చిన ఆ ఇండియా అబ్బాయితో అనడు. పక్క డిపార్ట్‌మెంట్ జర్మన్ మేడమ్‌తోనూ అనడు. నీతోనే అంటాడు. కాబట్టి హెచ్‌ఆర్ చూపించిన ఇద్దరూ నీ విషయంలో రుజువు కారు. ఫిర్యాదులో ఈ రెండు వాక్యాలు ఇలాగే రాయి.

ఇప్పుడు చట్టం. జర్మనీలో 2006 ఆగస్టు నుంచి అందరినీ సమానంగా చూడాలనే చట్టం ఉంది, ఇక్కడివాళ్లు ఏజీజీ అంటారు. జాతి, పుట్టుక, లింగం, మతం, వైకల్యం, వయసు, లైంగికత, వీటిలో దేని పేరుతోనైనా ఉద్యోగంలో వేధిస్తే వర్తిస్తుంది. ఒకటి కంటే ఎక్కువ కారణాలు కలిసి రావచ్చని నాలుగో సెక్షన్ గుర్తిస్తుంది. నీ విషయంలో పుట్టుక, లింగం రెండూ రాయి. ఆమె విషయంలో మతం, పుట్టుక, లింగం మూడూ రాయాలి. ఒక్కటే రాస్తే చాలదా అని చాలామంది అడుగుతారు. చాలదు. మొదట ఏది రాస్తే దాని మీదే విచారణ నడుస్తుంది, మిగతాది జారిపోతుంది.

అందరికీ తెలియనిది గడువు. నష్టపరిహారం అడగాలంటే సంగతి తెలిసిన రోజు నుంచి రెండు నెలల్లోపు యజమానికి రాతపూర్వకంగా అడగాలి. అక్కడి నుంచి మూడు నెలల్లోపు లేబర్ కోర్టుకి వెళ్లాలి. హెచ్‌ఆర్‌తో ఎంత మర్యాదగా మాట్లాడుతున్నా ఈ గడియారం ఆగదు. "ఇంకోసారి చూద్దాం, వాళ్లే మారతారేమో" అనుకుంటూ ఆ రెండు నెలలూ పోగొట్టుకుని మా దగ్గరికి వచ్చినవాళ్లను చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది. నీ చివరి సంఘటన ఎప్పుడో తేదీ చూసుకో. ఈ వారమే చూసుకో.

హెచ్‌ఆర్‌లో నోటిమాటగా చెప్పడం ఫిర్యాదు కింద సరిపోయిందనుకోకు. ప్రతి కంపెనీ ఈ చట్టం కింద ఫిర్యాదులు తీసుకునేవాళ్లను పెట్టాలి, వాళ్లెవరో ఉద్యోగులందరికీ తెలియజేయాలి. ఇచ్చిన ఫిర్యాదును పరిశీలించి ఫలితం నీకు చెప్పాలి. ఫిర్యాదు చేసినందుకు నీ మీద కక్ష తీర్చుకోకూడదు. బెట్రీబ్స్‌రాట్ ఉంటే, అంటే ఉద్యోగులు ఎన్నుకున్న కమిటీ ఉంటే, వాళ్లకీ ఒక కాపీ ఇవ్వు. రుజువు భారం విషయంలో చట్టం కొంత నీ వైపు ఉంది. వివక్ష జరిగిందనిపించే ఆనవాళ్లు నువ్వు చూపిస్తే, జరగలేదని నిరూపించుకోవాల్సింది వాళ్లు.

ఆ ఆనవాళ్లు ఎక్కడి నుంచి వస్తాయంటే నీ నోట్‌బుక్ నుంచి. జరిగిన రోజే, ఇంటికి వెళ్లగానే, భోజనానికి కూర్చోకముందే రాయి. తేదీ, గంట, ఏ గది, ఎవరెవరున్నారు, అన్న మాట యథాతథంగా, జర్మన్‌లో అంటే జర్మన్‌లోనే. ఎవరు నవ్వారు, ఎవరు తల దించుకున్నారు. నీ ఒంట్లో ఏమైంది, ఆ రాత్రి నిద్ర పట్టిందా లేదా. "ఆయన ఎప్పుడూ ఇలాగే అంటాడు" అని రాస్తే ఎందుకూ పనికిరాదు. "14వ తేదీ, పదిన్నర, చిన్న మీటింగ్ రూమ్‌లో, నలుగురి ముందు" అని రాస్తే వాళ్లు దానికి జవాబు చెప్పాలి. ఫోన్‌లో దొంగచాటుగా రికార్డు మాత్రం చేయకు. ఇక్కడ అది నేరం, కేసు నీ మీదకే తిరుగుతుంది.

ఒక సంగతి చెప్తాను. చాలా ఏళ్ల కింద ఒకావిడకి తోడుగా ఒక సంస్థలో మీటింగ్‌కి వెళ్లాను. అటువైపు ముగ్గురు, ఇటు ఆవిడ, నేను. మొదటి పది నిమిషాలు వాళ్లు నవ్వుతూ, "అపార్థం చేసుకున్నారు" అంటూ, ఆవిడ మాట పూర్తికాకుండానే అందుకుంటూ మాట్లాడారు. నేను వాదించలేదు. బ్యాగులోంచి ఒక ప్యాడ్ తీసి, పెన్ను మూత తీసి రాయడం మొదలుపెట్టాను. "క్షమించండి, ఇప్పుడన్న మాట ఇంకోసారి చెప్తారా, సరిగ్గా రాసుకుంటాను" అన్నాను. గదిలో గొంతులు మారిపోయాయి. ఆవిడ మాట మధ్యలో అందుకోవడం ఆగింది. ఆ రోజు నేను చేసిన సాయం మొత్తం అదే, ఒక పెన్ను. బయటికొచ్చాక ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఏమీ మాట్లాడకుండా ట్రామ్ స్టాపు దాకా నడిచింది.

నీ పక్కన ఆ పెన్ను ఎవరు పట్టుకోవాలి? నా మటుకు నాకు ఆ యూదు అమ్మాయే పట్టుకోవాలనిపిస్తోంది. ఆమె మీటింగ్‌లో నువ్వు పట్టుకోవాలి. అందుకే ఒకే కాగితం మీద ఇద్దరూ సంతకం పెట్టొద్దు అంటున్నాను. అలా చేస్తే ఇద్దరి అనుభవాలూ కలిసిపోయి పలచబడతాయి, "టీమ్‌లో వాతావరణం బాగాలేదు" అనే ఒక్క ముక్క మిగులుతుంది. రెండు ఫిర్యాదులు రాయండి. నీ దాంట్లో ఆమె సాక్షి, ఆమె దాంట్లో నువ్వు సాక్షి. ఒకే రోజు ఇవ్వండి. రెండూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లకి మనిషి ఒక్కడే, పద్ధతి ఒక్కటే అని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

కానీ దానికి ముందు మీరిద్దరూ మాట్లాడుకోవాలి. నిజానికి నీ ప్రశ్నలో నాకు బరువైనదిగా అనిపించింది ఇదే.

జాతివివక్ష, యూదు ద్వేషం ఒకేలా పనిచేయవు. నిన్ను చూసి "నువ్వు తక్కువదానివి, చెప్పింది చెయ్యి" అంటారు. యూదుల్ని చూసి చాలాసార్లు దీనికి తలకిందులుగా అంటారు. డబ్బంతా వీళ్ల చేతిలో ఉంది, పత్రికలు వీళ్ల చేతిలో ఉన్నాయి, తెర వెనక అన్నీ నడిపిస్తున్నది వీళ్లే అంటారు. అందుకే ఒక యూదు మనిషి బాగా బతుకుతుంటే ద్వేషించేవాడు దాన్నే రుజువుగా చూపిస్తాడు. ఇప్పుడు "నీకేం, తెల్లగా ఉంటావు" అన్న నీ మాటని ఆమె చెవితో విను. నువ్వు చర్మం గురించి అన్నావు. ఆమెకి "మీకేం, మీకన్నీ ఉన్నాయి" అని వినిపించింది. ఆ టీమ్ లీడర్ మాట కూడా అదే కదా. పైగా యూదులందరూ తెల్లవాళ్లు కారు. ఇక్కడ తెల్లగా కనిపించేవాళ్లలో కూడా చాలామంది వలస కుటుంబాలవాళ్లే. 1991 నుంచి మాజీ సోవియట్ దేశాల నుంచి యూదులు, వాళ్ల కుటుంబసభ్యులు కలిపి దాదాపు రెండు లక్షలమంది జర్మనీకి వచ్చారు. ఇంజినీర్లు, డాక్టర్లు డిగ్రీలు చెల్లక క్లీనింగ్ పనుల్లో చేరారు. ఆమె అమ్మానాన్నల కథ ఏమిటో అడిగావా ఎప్పుడైనా?

ఆమె అన్న కాపలా మాట కూడా ఊరికే రాలేదు. 2019 అక్టోబరు 9న హాలె నగరంలో ఏం జరిగిందో చెప్తాను. అది యోమ్ కిప్పుర్, యూదులకి ఏడాదిలో అతి పవిత్రమైన రోజు. సినగాగ్ లోపల, అంటే యూదుల గుడి లోపల, యాభైమందికి పైగా ప్రార్థనలో ఉన్నారు. బయట పోలీసు కాపలా లేదు. తుపాకులతో, పేలుడు పదార్థాలతో వచ్చినవాడు లోపలికి రావాలని చూశాడు. తలుపు తెరుచుకోలేదు. దారిన పోతున్న ఒక మహిళను అక్కడే కాల్చి చంపాడు. అక్కడి నుంచి కొద్ది దూరంలో ఉన్న డోనర్ కబాబ్ షాపుకి వెళ్లాడు. ముస్లింలనుకుని కాల్చాడు, అక్కడ భోజనానికి వచ్చిన ఒక కుర్రాడు చనిపోయాడు. పారిపోతూ సోమాలియా నుంచి వచ్చిన ఒక యువకుణ్ని కారుతో గుద్దాడు. దాడిని ఇంటర్నెట్‌లో లైవ్ పెట్టాడు. ఆ లైవ్ మొదట్లో వాడు చెప్పిన మాటలు గుర్తుపెట్టుకో: యూదుల మారణహోమం జరగనే లేదన్నాడు, ఫెమినిజం వల్ల జననాలు తగ్గాయన్నాడు, అందుకే వలసలు వస్తున్నాయన్నాడు, వీటన్నిటికీ మూలం యూదులన్నాడు.

ఒక్క ఊపిరిలో మూడు ద్వేషాలు. మనం విడివిడిగా లెక్కపెట్టుకుంటున్న నీ బాధ, ఆమె బాధ, ఆడవాళ్లుగా ఇద్దరి బాధ వాడి బుర్రలో ఒకే తాడుకి కట్టి ఉన్నాయి.

తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. యూదు విద్యార్థి సంఘం ఆ కబాబ్ షాపు కోసం చందాలు వసూలు చేసింది. కోర్టులో నలభైమందికి పైగా బాధితులు కేసులో భాగస్తులుగా చేరారు, సినగాగ్‌లో ఉన్నవాళ్లూ షాపువాళ్లూ పక్కపక్కన కూర్చున్నారు. 2020 డిసెంబరు 21న తీర్పు వచ్చింది, యావజ్జీవం. కానీ షాపు నడిపే అన్నదమ్ముల్లో ఒకరి మీద, ఆ సోమాలియా యువకుడి మీద జరిగినదాన్ని హత్యాయత్నంగా కోర్టు లెక్కవేయలేదు. సినగాగ్ నుంచి బతికి బయటపడ్డవాళ్లకి తమవరకు న్యాయం దొరికినట్టే కదా, ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. వాళ్లిద్దరికీ జరిగింది కూడా ద్వేషంతోనే జరిగిందని గట్టిగా మాట్లాడారు. సంఘీభావం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఇదే చెప్తాను. "మనందరి బాధా ఒకటే" అని వాళ్లు అనలేదు. ఎవరిది ఏ బాధో చూశారు, ఎదుటివాళ్ల లెక్కలో ఏది మిగిలిపోయిందో దాని కోసం నిలబడ్డారు.

హాలె జరిగిన నాలుగు నెలలకే, 2020 ఫిబ్రవరి 19న, హానావ్‌లో జాతిద్వేషంతో తొమ్మిదిమందిని కాల్చి చంపారు. కాబట్టి నీ భయం కూడా ఊహ కాదు. ఆమెకి ఆ సంగతి చెప్పొచ్చు. "మా గుడి ముందు కాపలా లేదు నిజమే, కానీ రాత్రి చివరి రైల్లో ఎక్కాలంటే ఏ పెట్టె ఎక్కాలా అని నేను లెక్కలేసుకుంటాను" అని చెప్పు. ఎవరిది పెద్దదో తేల్చుకోవడానికి కాదు, ఆమెకి తెలియాలి కాబట్టి.

మన వైపు నుంచి ఒక మాట, తెలుగువాళ్లం కాబట్టి మనలో మనం అనుకోవాల్సింది. మన ఇళ్లలో కాస్త కఠినంగా ఉండే నాన్నని, మాస్టారుని "హిట్లర్" అంటాం. నవ్వుతూ అంటాం. ఇక్కడికొచ్చిన కొత్తలో నేనూ ఒకసారి మా మేనేజర్ గురించి అలా అన్నాను. ఎదురుగా ఉన్నావిడ ముఖంలో రంగు మారడం చూశాను. వాళ్ల అమ్మమ్మ తోబుట్టువులు ఎవరూ మిగల్లేదట. మనకి అది మాట, వాళ్లకి అది ఇంటి చరిత్ర. అరవై లక్షలమంది యూదుల్ని చంపించిన మనిషి పేరు అది. ఆ రోజు నుంచి ఆ మాట నా నోట రాలేదు, నా పిల్లల నోట రానివ్వలేదు. గుమ్మం ముందు ముగ్గులో స్వస్తిక్ కూడా అంతే. మనకి అది శుభం, వాళ్లకి నాజీల గుర్తు. ఇంటికి వచ్చే యూదు స్నేహితురాలికి ముందే చెప్పి పిలవడం మర్యాద.

ఇంకొకటి, కులం. మనం ఇక్కడ జాతివివక్ష గురించి మాట్లాడుతూనే, మన తెలుగు గ్రూపుల్లో ఇంటిపేరు అడిగి ఆరా తీయడం నేను చూస్తూనే ఉన్నాను. దళిత అమ్మాయి ఒకరు మా కేంద్రానికి వచ్చి "ఆఫీసులో జర్మన్ల దగ్గర ఒకటి, వారాంతం మనవాళ్ల దగ్గర ఇంకొకటి" అంది. ఆ అమ్మాయికి చౌరస్తాలో ఇంకో రోడ్డు కూడా ఉంది. నువ్వు రేపు ఆడవాళ్లను కూడగడితే ఆ అమ్మాయికి అందులో కుర్చీ ఉండాలి.

కూడగట్టు అంటున్నాను, ఎందుకంటే ఒంటరిగా ఇది మోయలేవు. 1984లో నల్లజాతి కవయిత్రి ఆడ్రె లార్డ్ బెర్లిన్‌కి పాఠాలు చెప్పడానికి వచ్చారు. క్లాసులో ఉన్న నల్లజాతి జర్మన్ అమ్మాయిల్లో చాలామంది అప్పటిదాకా ఒంటరిగా పెరిగారు. చుట్టూ అందరూ తెల్లవాళ్లే, తమని పిలుచుకోవడానికి ఒక గౌరవమైన పేరు కూడా లేదు. "ఆఫ్రో-జర్మన్" అనే మాట ఆ కలయికల్లో పుట్టింది. రెండేళ్లకి మే అయిమ్, కథరీనా ఓగున్‌టోయె, డాగ్మర్ షుల్ట్స్ కలిసి వాళ్ల అనుభవాల పుస్తకం తెచ్చారు. అదే 1986లో నల్లజాతి స్త్రీల సంఘం అడెఫ్రా మొదలైంది. దాదాపు అదే కాలంలో పశ్చిమ బెర్లిన్‌లో షబ్బెస్‌క్రైస్ అనే చిన్న బృందం, యూదు స్త్రీలు, యూదులు కానివాళ్లు కలిసి, ఫెమినిస్టు ఉద్యమం లోపలే ఉన్న యూదు ద్వేషాన్ని ప్రశ్నించింది. ముందు తమలో తాము కూర్చోవడం, తర్వాత ఒకరి దగ్గరికి ఒకరు వెళ్లడం. ఈ వరస నాకు సరైనదనిపిస్తుంది. నీకు మన భాషలో ఏడ్వడానికి ఒక చోటు కావాలి. ఆమెకి ఆమె చోటు కావాలి. ఆ తర్వాత ఇద్దరూ కలిసే మూడో చోటు. మొదటిది లేకుండా మూడోదానికి వెళ్తే, లోపల ఉన్న కోపమంతా పక్కనున్న మనిషి మీద పడుతుంది. మీ ఇద్దరికీ ఆ సాయంత్రం జరిగింది అదే.

మాట ఎలా కలపాలంటే, మెసేజ్ పెట్టకు. ఎదురుగా వెళ్లు. "ఆ రోజు నేనన్నది తప్పు. నీకేం అయిందో అడగకుండా కొలిచాను" అని అక్కడితో ఆపు. "కానీ నువ్వు కూడా" అని కలపకు. ఆమె మాటకి ఆమె ఎప్పుడు సంజాయిషీ చెప్పుకుంటుందో ఆమె ఇష్టం. ఇజ్రాయెల్ ప్రభుత్వం గురించి నీ అభిప్రాయం ఏదైనా ఉండొచ్చు, ఆమెది వేరే ఉండొచ్చు. ఆమె ఆఫీసుకి వచ్చేది ఏ ప్రభుత్వానికీ ప్రతినిధిగా కాదు. ఆ ప్రశ్నని టీమ్ లీడర్ మళ్లీ ఆమె మీదకి విసిరితే, "ఇది బడ్జెట్ మీటింగ్ కదా" అని నువ్వు అను. ఆ ఒక్క మాట ఆమెకి వంద ఓదార్పులతో సమానం.

ఉద్యోగం పోతే వీసా ఏమవుతుందో అని టెన్షన్‌గా ఉందన్నావు. ఉండదా మరి. ఆ ప్రశ్న సలహా కేంద్రంలో మొదటి రోజే అడుగు, నీ పర్మిట్ కాగితాలు పట్టుకెళ్లు. ఒక్కటి మాత్రం ఇప్పుడే చెప్తాను. పరస్పర అంగీకారంతో వెళ్లిపోతున్నట్టు ఏదైనా కాగితం ముందు పెడితే ఆ గదిలో సంతకం చేయకు, ఇంటికి తెచ్చుకుని చూపించు. దానివల్ల నిరుద్యోగ భృతి పన్నెండు వారాల దాకా ఆగిపోవచ్చు. తొలగింపు లేఖ ఇస్తే కోర్టుకి వెళ్లడానికి మూడు వారాలే గడువు. లేబర్ కోర్టు మొదటి దశలో లాయర్ లేకుండా కూడా వెళ్లొచ్చు. ఓడినా అవతలి లాయర్ ఫీజు నీ మీద పడదు.

బెర్లిన్‌లోని ఫెడరల్ వివక్ష వ్యతిరేక కార్యాలయం ఉచితంగా సలహా ఇస్తుంది. ఆమెకి ఓఫెక్ అనే సంస్థ పేరు చెప్పు, యూదు ద్వేషానికి గురైనవాళ్లకి అండగా నిలిచే పని వాళ్లది. జరిగినదాన్ని రియాస్‌లో, అంటే యూదు ద్వేష ఘటనలను నమోదు చేసే సంస్థలో, నమోదు చేయించుకోవచ్చు. వేధింపు మాటల దాకా కాక చేతల దాకా వస్తే, అర్ధరాత్రయినా సరే, 116 016కి ఫోన్ చెయ్యి. ఆడవాళ్ల మీద హింసకి సంబంధించిన ఉచిత నంబర్ అది, జర్మన్ కాక మరో పద్దెనిమిది భాషల్లో మాట్లాడతారు.

ముందు ఆమెతో మాట్లాడు. తర్వాత ఇద్దరి నోట్‌బుక్కులూ పక్కన పెట్టుకుని తేదీలు సరిచూసుకోండి, ఫిర్యాదులు రాయండి. మీటింగ్‌కి తేదీ అడిగేటప్పుడు ఆమె పండుగ రోజు కాకుండా చూడు, ఆమె అడగకముందే నువ్వు చూడు. రాసిన కాగితాలు ఇచ్చేముందు పేర్లు తీసేసి నాకు పంపితే ఆదివారం కూర్చుని చదువుతాను.